సరుకు తీసుకుని డబ్బు ఆపడంపై ఫిర్యాదు

చెర్లపల్లి, హైదరాబాద్

రోడ్డు కాంట్రాక్టు కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ప్రభుత్వ రోడ్డు పనికి ఇచ్చిన కెర్బ్ రాళ్లు, డ్రెయిన్ పలకల బకాయి రూ.11,40,000

అయ్యా,

మా ప్రీకాస్ట్ (కాంక్రీటును అచ్చుల్లో పోసి సరుకు చేసే) యూనిట్ నుంచి సరుకు దించుకున్నప్పుడు మీ సైట్ ఇంజనీరు ఒక్కో రాయినీ సుత్తితో తట్టి, అంచు విరిగినవి పక్కన పెట్టించి, మిగతా వాటికే చలానా మీద సంతకం చేశారు. న్యాయమే. ఆ లెక్కకే బిల్లు వేశాం. ఇప్పుడా రాళ్లు నలుపు, పసుపు రంగులు పూసుకుని డివైడర్‌గా నిలబడ్డాయి. రంగు వేసినాయనకైనా డబ్బులు అందాయో లేదో!

ఎప్పుడడిగినా మీ అకౌంట్స్ వాళ్లది ఒకటే మాట: "పైనుంచి ఆర్ఏ బిల్లు (జరిగిన పనికి ప్రభుత్వం విడతలుగా ఇచ్చే డబ్బు) రాలేదు, రాగానే వేస్తాం." పర్చేజ్ ఆర్డర్‌లో అలా రాసుకున్నామట.

మీకూ ప్రభుత్వానికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోతే ఇద్దరికీ దారులున్నాయి. వాళ్లు బ్యాంకు గ్యారంటీ పట్టుకుంటారు, రిటెన్షన్ అని బిల్లులో కొంత కోసి ఆపుకుంటారు. మీరు ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) వెళ్తారు. సర్కారు జాగ్రత్త పడటాన్ని నేను తప్పుపట్టను. మన మెట్రో తొలి టెండరు 2008లో దక్కించుకున్న కన్సార్టియం ప్రభుత్వానికే రూ.30,311 కోట్లు ఎదురు చెల్లిస్తానంది. మరుసటి ఏడాదే ఆ ఒప్పందం రద్దయింది. 2010లో కొత్తగా కుదిరిన ఒప్పందంలో ప్రభుత్వమే వయబిలిటీ గ్యాప్ (ప్రాజెక్టు గిట్టుబాటు కావడానికిచ్చే సాయం) కింద రూ.1,458 కోట్లు ఇవ్వాల్సి వచ్చింది. అయితే మీ ఇద్దరి అనుమానానికి మా కూలీల వారం జీతమా పూచీకత్తు? సిమెంటు డీలరు మమ్మల్ని "మీ కంపెనీ ఇచ్చినప్పుడే ఇవ్వండి" అనడు కదా.

మాది ఉద్యమ్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వమిచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం సెక్షన్ 15 ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే సెక్షన్ 16 కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. సెక్షన్ 24 ఈ నిబంధనలకే పైచేయి ఇచ్చింది కాబట్టి మీ షరతు నిలవదని మా వకీలు అంటున్నారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో అసలు బకాయి మా ఖాతాలో జమ చేయండి. వడ్డీ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. జమ కాకపోతే సెక్షన్ 18 కింద, చిన్న యూనిట్ల బకాయి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వడ్డీతో సహా దావా వేస్తాం. రెండో దశకు మీవాళ్లు కొటేషన్ అడిగారు. పాత బాకీ తీరి, కొత్తదానికి అడ్వాన్సు పడేదాకా మా యార్డులో ఒక్క రాయి కూడా లారీ ఎక్కదు.

ఇట్లు,
ప్రీకాస్ట్ యూనిట్ యజమాని

జత: సంతకాలున్న చలానాలు, బిల్లుల నకళ్లు