రాక్షసుల శిక్షల కథలు పిల్లల పేజీలో రావాలి

సంపాదకులకు నమస్కారం.

మా చిత్తూరు పక్క ద్రౌపదమ్మ గుడిలో జరిగే భారతం ఉత్సవం చివరిరోజు, నేలమీద మట్టితో పడుకోబెట్టిన దుర్యోధనుణ్ణి చూసి మా మనవరాలు "అవ్వా, ఇంత పెద్దోడు ఎట్లా ఓడిపోయినాడు?" అని అడిగింది. తొడ దగ్గర పోసిన ఎర్రనీళ్లు ఇంకా ఆరనేలేదు. ఆ రాత్రి దానికి గ్రీకుల కథ చెప్పాను. తిరగబడిన టైఫాన్ అనే రాక్షసుడి మీద వాళ్ల దేవతల రాజు జ్యూస్ ఎట్నా అనే అగ్నిపర్వతాన్నే పడేశాడట. కొండ నిప్పులు కక్కితే లోపల వాడు బుసకొడుతున్నాడని అక్కడివాళ్లు అనుకునేవారు.

మన రావణుడిదీ అదే కథ కదా! కైలాసాన్ని పెకలించబోతే శివుడు కాలి బొటనవేలితో అదిమాడు. చేతులు నలిగి అరిచాడు, తర్వాత స్తోత్రం చేశాడు, చివరికి చంద్రహాసమనే కత్తి వరంగా పొందాడు. శ్రీకాళహస్తి బ్రహ్మోత్సవాల్లో ఒకరోజు స్వామి ఊరేగేది ఆ రావణుడి వాహనం మీదే. గ్రీకుల కథల్లో అట్లాస్ అనే మహాకాయుడు కూడా శిక్షగా ఆకాశాన్ని మోస్తాడు, కానీ వాడికి పూజలో చోటు దొరకలేదు. మన దగ్గర బలి చక్రవర్తిని సుతలమనే కింది లోకానికి పంపిన విష్ణువే వాడి వాకిట కాపలా ఉన్నాడు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

మీ ఆదివారం పిల్లల పేజీలో ఇలాంటి కథలు, మనవీ బయటి దేశాలవీ పక్కపక్కనే వేయండి. భారతం చెప్పే మా పక్క హరికథకుల చేత కొన్ని రాయించండి. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లైపోయారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిత్తూరు