పెళ్లికి అందని అన్నయ్య

మదురై, తల్లాకుళం
చిత్తిరై పున్నమి వెళ్లిన రెండో రాత్రి

ప్రియమైన రమణా,

ముందుగా క్షమించు. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. ప్రతి ఆదివారమూ రాద్దామని కూర్చోవడం, ఏదో ఒక పని వచ్చి పడటం. ఇక్కడి కబుర్లన్నీ ఒక్క గుక్కలో చెప్పేస్తాను. అమ్మకు కుడి కంటి శుక్లం తీశారు, ఇప్పుడు పంచాంగం తనే చదువుకుంటోంది. నేను మదురైలో ఇంకో ఏడాది ఉండాలి. ఇల్లు మారాను, మేడ మీద గది, గాలికీ నీళ్లకీ లోటు లేదు. పిల్లవాడు ఎనిమిదిలోకి వచ్చాడు. అంతే. ఇక అసలు సంగతి. అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న తెల్లవారుజామున వైగై నదిలో నువ్వు కనిపించావు.

కంగారు పడకు, మొదటి నుంచి చెబుతాను.

ఈ ఊళ్లో చిత్తిరై ఉత్సవం అంటే ఊరంతా పెళ్లివారే. ముందు మీనాక్షికి పట్టాభిషేకం చేస్తారు. ఆవిడ పాండ్యుల ఆడపడుచు కదా, వాళ్ల వేపపూల మాల మెడలో వేసి, రాజదండం చేతికిస్తారు. మర్నాడు దిగ్విజయం, ఆ మర్నాడు సుందరేశ్వరుడితో కల్యాణం. సరిగ్గా అమ్మవారికి తాళి కట్టే క్షణానికి ఊళ్లో పెళ్లయిన ఆడవాళ్లంతా తమ పసుపు తాళ్లు మార్చుకుంటారు. గుడి దాకా వెళ్లలేక మా ఇంటి యజమానురాలు టీవీ ముందు పీట వేసుకుని కూర్చుంది. పాత తాడు విప్పుతుంటే ఆవిడ వేళ్లు వణికాయి. కొత్తది కట్టుకుని కళ్లకద్దుకుంది, పక్కింటావిడ వచ్చి ముడి బిగించింది. ఆ పూట వేలమందికి పెళ్లి భోజనం పెడతారు. తిన్నవాళ్లు ఊరికే లేచి పోరు, చదివింపులు చదివించి మరీ వెళతారు! దేవుడి పెళ్లికి చదివింపులేమిటని నువ్వు నవ్వుతావేమో, నేను మాత్రం వరుసలో నిలబడి రాయించి వచ్చాను. పేరు చెప్పమంటే నీ పేరు కూడా చెప్పాను. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఆ పెళ్లిలో కన్యాదానం చేసేది తిరుప్పరంకుండ్రం నుంచి వచ్చే పవళక్కనివాయ్ పెరుమాళ్. ఆయనా విష్ణువే. మరి మీనాక్షికి అన్నగారు కొండ మీది విష్ణువు అళగర్ అంటారు కదా, ఆయనేడీ అని మా ఆఫీసులో పెద్దాయన్ని అడిగాను. ‘ఆయన ఇంకా బయలుదేరలేదు’ అన్నాడు, సొంత బావమరిది గురించి చెప్పినట్టు.

అళగర్ కొండ ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి ఆయన ఈ సీమలోని కళ్లర్ కులస్థుడి వేషంలో బయలుదేరతాడు. తలకు కొప్పు, చేతిలో వంకర కర్ర. పద్దెనిమిది మెట్ల కావలి దేవుడు కరుప్పన్నసామి వాకిట ఆగి, సెలవు తీసుకుని మరీ కదులుతాడు. దారి పొడవునా వందల మండపాలు. ప్రతి మండపం దగ్గరా ఆగాలి, హారతి అందుకోవాలి, ఊరివాళ్ల పలకరింపులు వినాలి. ఇలా ఆగుతూ ఆగుతూ వస్తే ఎవరైనా ముహూర్తానికి అందుకుంటారా చెప్పు? మదురైవాళ్లు ఊరి పొలిమేరకు ఎదురెళ్లి తీసుకొస్తారు. మా తల్లాకుళంలోనే ఆయన ఆ రాత్రి విడిది. శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆండాళ్ వేసుకున్న మాల వస్తుంది, అది మెడలో వేసుకుని బంగారు గుర్రం ఎక్కుతాడు. కట్టుకున్న పట్టు ఏ రంగన్నది ఊరంతటికీ ఆత్రమే. ఆకుపచ్చ అయితే ఆ ఏడు వానలూ పంటలూ బాగుంటాయని నమ్మకం. ఈసారి ఆకుపచ్చే.

రాత్రి ఒంటిగంటకే నదిలోకి దిగి చోటు చూసుకున్నాను. వైగైని పాత తమిళ కావ్యం శిలప్పదికారం ఎన్నడూ వట్టిపోని తీగ అని పొగిడింది. ఇప్పుడు ఆ తీగ ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉంటుంది. ఈ ఒక్క పండక్కని ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతారు. మోకాలి లోతు నీళ్లు, కింద ఇసుక, చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. అందరి చేతుల్లోనూ చెంబులు. చెంబు నిండా పంచదార, మూతిమీద అరటాకు ముక్క, ఆకు మీద వెలిగించిన కర్పూరం. చీకట్లో నది నిండా ఆ చిన్న చిన్న మంటలు! నా పక్కన ఎనిమిదేళ్ల కుర్రవాడు మేకతోలు తిత్తి భుజాన వేసుకుని నిలబడ్డాడు. సన్నటి గొట్టంలోంచి నీళ్లు చిమ్మడం వాడి మొక్కు. అళగర్‌కు ఎండ తగలకూడదట. ఇంకా సూర్యుడే రాలేదు, వాడు అప్పుడే మా అందరినీ తడిపేశాడు.

‘జాగ్రత్త నాయనా, చెంబు పట్టుకో’ అని ఒక గొంతు వినిపించింది. తెలుగు, రమణా! ఉలిక్కిపడి చూశాను. డెబ్బై దాటిన అవ్వ, నెత్తిన మల్లెపూల బుట్ట. వాళ్లింట్లో తరతరాలుగా తెలుగే, ఎప్పుడొచ్చారో తెలియదు, నాయక రాజుల కాలంలో అంటారు. మన అక్షరం ఒక్కటీ రాదు ఆవిడకు. మాట మాత్రం అరవం యాసతో, పాత ఇంటి పెరట్లో బావి నీళ్లలా చల్లగా ఉంది. ఒక చేత్తో పూలు కడుతూనే ఉంది, అరటినార చుట్టు, రెండు మొగ్గలు, మళ్లీ చుట్టు, చూపు మాత్రం గుర్రం వచ్చే దారి మీద. ఆవిడ చెప్పిందే ఈ కథ.

అన్న కొండ దిగి, మండపాలన్నీ దాటి, కట్నకానుకలతో వైగై ఒడ్డుకు వస్తాడు. నీళ్లలో కాలు పెట్టీ పెట్టగానే తెలుస్తుంది, చెల్లెలి పెళ్లి అయిపోయిందని. మనసు విరిగిపోతుంది. ఊళ్లోకి రాడు. పక్కకు తిరిగి వండియూర్ వెళ్లిపోతాడు, అక్కడ తుళుక్క నాచ్చియార్ ఇంట రాత్రి గడుపుతాడు. ఆవిడ తురక బిడ్డ. ఆ సంగతి చెప్పడానికి అవ్వ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. నాకు అది ఎంత నచ్చిందో! తర్వాత వచ్చిన దారినే కొండకు వెళ్లిపోతాడు. మీనాక్షి గుడి గడప తొక్కడు.

‘మరి ఆవిడ?’ అన్నాను.

‘ఆయమ్మ లోపలే కూర్చుని వింటుంది. బాజాలు దగ్గరికొస్తాయి, మళ్లీ దూరమైపోతాయి’ అంది అవ్వ.

అప్పుడే తెలవారుతోంది. ‘గోవిందా’ అని నది అంతా ఒక్కసారి లేచింది. వీరరాఘవ పెరుమాళ్ వెండి గుర్రం మీద ఎదురొచ్చి నిలబడ్డాడు, అళగర్ బంగారు గుర్రం నీళ్లలోకి దిగింది. తిత్తుల్లోంచి ఎగిసిన నీళ్లు వెలుగులో మెరిశాయి. ఆకుపచ్చ పట్టు తడిసి ముదురైంది. అంత జనంలో, అంత సంబరంలో ఆ గుర్రం మీదివాడి ముఖం చూస్తే నాకు గుర్తొచ్చింది మా అరుగు మీద పదకొండేళ్ల కిందట కూర్చున్న నువ్వు.

నిజానికి స్థలపురాణం వేరే చెబుతుంది. మండూక మహర్షికి శాపం తీర్చడానికే అళగర్ నదికి వస్తాడని. ఆ శాపవిమోచనం ఇప్పటికీ తేనూర్ మండపంలో జరుపుతారు. పెళ్లి కథ జనం కల్పించుకున్నది. దాని వెనక ఉన్నవాడు మనవాడే, మదురై ఏలిన తెలుగు రాజు తిరుమల నాయకుడు. 1623 నుంచి 1659 దాకా ఏలాడు. అంతకుముందు మీనాక్షి కల్యాణం మాసి నెలలో జరిగేదట, అళగర్ ఉత్సవం చిత్తిరైలో తేనూరు దగ్గర. శైవుల పండుగ ఒకటి, వైష్ణవుల పండుగ ఒకటి. ఆ రెండింటినీ ఒక్క నెలలోకి తెచ్చి ముడివేసింది ఆయనేనంటారు. దానికి సాక్ష్యం నేను రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలోనే ఉంది! ఊరు గుడి చుట్టూ చతురస్రాలుగా ఉంటుంది. ఆడి వీధులు, చిత్తిరై వీధులు, ఆవణి మూల వీధులు, మాసి వీధులు. ఏ నెల ఉత్సవం ఆ నెల వీధుల్లో. కానీ చిత్తిరైలో కల్యాణం మర్నాడు లాగే రథం ఈనాటికీ మాసి వీధుల్లోనే తిరుగుతుంది. నెల మారినా రథం తన దారి మరిచిపోలేదు. ఈ సంగతి తెలిసిన రోజున సైకిలు ఆపి ఆ వీధి మలుపులో చాలాసేపు నిలబడిపోయాను. ఈ ఊరిని పద్మంతోనూ, వీధుల్ని దాని రేకులతోనూ పోల్చింది పాత తమిళ పాటల సంపుటి పరిపాడల్. పేర్లు చదువుకుంటూ నడిస్తే ఆ రేకులు ఒక్కొక్కటే విప్పుకుంటాయి.

పండుగలు కలిశాయి సరే, పెళ్లయిపోయాక అన్న రావడమేమిటి? రాజుగారి దగ్గర జవాబుందో లేదో గానీ జనం దగ్గర ఉంది. ‘ఆలస్యమైంది’ అన్నారు. ఎంత మామూలు మాట! ప్రతి ఇంట్లో ఒకడుంటాడు కదా, పెళ్లికి అందనివాడు. వాణ్ని తెచ్చి బంగారు గుర్రం మీద కూర్చోబెట్టారు.

గుడి ఎదుట పుదు మండపం కూడా తిరుమల నాయకుడిదే. అందులో తన వంశం వాళ్ల విగ్రహాలు చెక్కించాడు, తనదీ ఉంది. బొజ్జ, జోడించిన చేతులు, పక్కన రాణులు. ఆ కండగల భుజాలు చూస్తే మన సూర్యం మాస్టారు గుర్తొచ్చారు. గొడుగు ఒక్కటే తక్కువ! (ఆ గొడుగు గతి మనిద్దరికే తెలుసు, ఈ ఉత్తరం మీ ఆవిడ చదివితే చెప్పకు.)

ఇంకో మాట. ఇంత వైభోగం చూశాక కూడా నా మనసు గంగాదేవి దగ్గరే ఆగిపోతోంది. 1311లో మాలిక్ కాఫర్ ఈ ఊరి మీద పడ్డాడు. తర్వాత ఇక్కడ సుల్తానులు ఏలారు. విజయనగరం నుంచి కుమార కంపన వచ్చి గెలిచాడు. ఆయన భార్యే గంగాదేవి, మధురా విజయం రాసింది. కావ్యం మొదట్లో కవుల్ని తలుచుకుంటూ మన తిక్కనకు కూడా దండం పెట్టింది. ఆవిడ చూపించిన మదురై మృదంగాలు మోగాల్సిన చోట నక్కలు కూసే ఊరు. కొబ్బరి చెట్లు నరికిన చోట ఇనుప శూలాలు, వాటికి పుర్రెలు. మొన్న ఆ నదిలో డప్పుల మోత వింటూ ఆ శ్లోకం గుర్తు చేసుకున్నాను, ఒళ్లు జలదరించింది. ఎవరో మళ్లీ ఆ గర్భగుడి తలుపులు తీశారు కదా. తీసినప్పుడు లోపల దీపం ఇంకా వెలుగుతూనే ఉందని ఇక్కడ చెప్పుకుంటారు. అవ్వ కూడా చెప్పింది, తను చూసినట్టే. నాకూ అలాగే…

సరే, ఇక అసలు మాట రాసేస్తాను. వాయిదా వేస్తే మళ్లీ మూడు నెలలు.

లక్ష్మి పెళ్లికి నువ్వు వచ్చేసరికి తలంబ్రాలు అయిపోయాయి. గోకవరం దాటాక బస్సు ఆగిపోయింది. ఆరు మైళ్లు నడిచొచ్చావు. చెప్పులు తెగి చేతిలో ఉన్నాయి. అది నీ తప్పా? కానీ నువ్వు లోపలికి రాలేదు. చీర పొట్లం అరుగు మీద పెట్టావు, అమ్మ మంచినీళ్లు తెచ్చేలోపు లేచి వెళ్లిపోయావు. కాళ్లు కడుక్కోవడానికి పెట్టిన చెంబు అలాగే ఉంది. ఆ తర్వాత రెండేళ్లు మా గుమ్మం తొక్కలేదు. తొక్కాక కూడా ఆ సంగతి మనం ఎత్తుకోలేదు. నువ్వు అలిగావనుకున్నాను ఇన్నాళ్లూ. మొన్న ఆ ముఖం చూశాక తెలిసింది, అది అలక కాదు. అందుకోలేకపోయానన్న బాధ.

నీకు తెలియనిది ఇంకొకటుంది. నువ్వు అరుగు దిగుతున్నప్పుడు లక్ష్మి మధుపర్కాలతోనే కిటికీ దగ్గర నిలబడి ఉంది. పిలవబోయింది, ఎవరో అప్పగింతలకని లాక్కెళ్లారు. ఆ చీర ఇప్పటిదాకా కట్టలేదట. ‘అన్నయ్య వచ్చి ఇస్తే కడతాను’ అంటుంది. నిన్న రాత్రి ఫోను చేసి అళగర్ కథంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘రమణన్నయ్యకు రాయి, శ్రావణంలో పాప ఓణీల వేడుక, ముందు రోజే రమ్మను’ అంది. మేనమామ వరుసలో ఓణీ నువ్వే ఇవ్వాలట. నేనున్నాను కదా అంటే, నువ్వు పట్టీలు ఇద్దువుగాని అంది.

కాబట్టి రమణా, బస్సు వద్దు. రైల్లో రా. రెండు రోజులు ముందే రా. పదకొండేళ్లుగా ఆ పొట్లం…

కింద బాజాలు మొదలయ్యాయి. అళగర్ పూల పల్లకిలో కొండకు తిరుగు ప్రయాణం, మా వీధి మలుపు దగ్గరికి వచ్చేశాడట, మా ఇంటావిడ చెంబుతో మెట్ల మీద నిలబడి కేకలేస్తోంది. పంచదార తేవడం మరిచిపోయాను, ఆవిడ దగ్గరే అడగాలి. వెళ్లి సాగనంపి వస్తాను. ఇది పొద్దున్నే డబ్బాలో వేస్తాను, ఏ రైలో వెంటనే రాయి.

నీ
శేషు