2024–25 వార్షిక నివేదిక: గేటు కెమెరా, మూడు తెరలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి ఎప్పటిలాగే జరిగాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు రెండుసార్లు కడిగించాం. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ చేయించాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. మిగతా నివేదికంతా గేటు కెమెరా గురించే, ఎందుకంటే ఏడాది పొడవునా మాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ దాని మీదే.

మన గేటు కెమెరా పాత అనలాగ్ రకం. ఆఫీసు గదిలో డీవీఆర్‌కి (వీడియో రికార్డు చేసే పెట్టెకి) మాత్రమే కలిపి ఉన్నన్నాళ్ళూ బొమ్మ శుభ్రంగా ఉండేది. తర్వాత వాచ్‌మన్ గదిలో మానిటర్, కమ్యూనిటీ హాల్లో టీవీ కావాలన్నారు. టీ కనెక్టర్లు (ఒక వైరును రెండుగా చీల్చే ముక్కలు) తగిలించి మూడు చోట్లకీ వైరు లాగేశాం. ఆ రోజు నుంచి బొమ్మ మసక, దానికి తోడు ఉండుండి పైకి జారిపోవడం. కెమెరా మార్చేయమని చాలామంది అన్నారు. పాపం, కెమెరా తప్పేమీ లేదు. మేం పంచిన తీరే తప్పు.

కెమెరాలో పుట్టే 2 వోల్టుల సిగ్నల్ 75 ఓమ్‌ల రెసిస్టర్ దాటి బయటికొస్తుంది. అవతల టీవీలోనూ 75 ఓమ్‌లు ఉంటాయి కాబట్టి అందులో సగం, అంటే 1 వోల్టు, టీవీకి చేరుతుంది. దాంట్లో 0.3 వోల్టు సింక్‌కి (బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో టీవీకి చెప్పే గుర్తుకి), 0.7 బొమ్మకి. రెండో తెర కలిపితే ఆ 1 వోల్టు కాస్తా 0.67 అవుతుంది, మూడోది కలిపితే 0.5. సింక్ కూడా సగమైతే ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో టీవీకి సరిగా అందదు.

దీనికి మందు, తెరకొక ఆప్‌యాంప్, అంటే సిగ్నల్‌ని పెంచే చిన్న ఎలక్ట్రానిక్ భాగం. కెమెరా సిగ్నల్‌ని అది రెట్టింపు చేస్తుంది, బయటికొచ్చే దారిలో 75 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే అవతల మళ్ళీ సగమై సరిగ్గా 1 వోల్టు అందుతుంది. ఒక టీవీ వైరు ఊడినా, షార్టయినా మిగతా రెండూ కదలవు.

రిటైరైన మన టీవీ మెకానిక్ గారు, ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలు కలిసి బోర్డు కట్టారు. మొదటిసారి చేతిలో ఉన్న ఎల్‌ఎమ్358 అనే ఆప్‌యాంప్ చిప్ వాడారు. బొమ్మ అలికినట్టు వచ్చింది, రంగు పూర్తిగా పోయింది. మన దగ్గరి అనలాగ్ కలర్ వీడియో పద్ధతి పాల్‌లో రంగు 4.43 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఆ వేగంలో 2 వోల్టులు నిండుగా ఊగాలంటే చిప్ మైక్రోసెకనుకు సుమారు 28 వోల్టులు కదలగలగాలి. ఎల్‌ఎమ్358 అర వోల్టు దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఏడీ8056 అనే వేగమైన చిప్‌లు తెప్పించాం. ఒక్కో చిప్‌లో రెండు ఆప్‌యాంప్‌లు, వేగం మైక్రోసెకనుకు వెయ్యి వోల్టులకు పైనే.

అయినా బొమ్మ మసకే! చూస్తే పిల్లలు మూడు ఆప్‌యాంప్‌ల ఇన్‌పుట్‌ల దగ్గరా మూడు 75 ఓమ్‌లు పెట్టేశారు. తిరిగి తిరిగి టీ కనెక్టర్ దగ్గరికే వచ్చామన్నమాట. రెండు పీకేసి ఒక్కటే ఉంచాం. బ్రెడ్‌బోర్డు (భాగాలు గుచ్చి పరీక్షించే పలక) మీద చిప్ దానంతటదే లేని సిగ్నల్ పుట్టించి ఊగిపోతుంటే పీసీబీ (రాగి దారులు అచ్చువేసిన బోర్డు) చేయించి, సప్లై కాళ్ళ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టాం. సింక్ సున్నా కిందికి దిగుతుంది కాబట్టి ప్లస్ 5తో పాటు మైనస్ 5 వోల్టులు కూడా ఇచ్చాం.

హాల్ టీవీలో మాత్రం ఒక అడ్డ చార నెమ్మదిగా పాకుతూ ఉండేది. రెండు భవనాల ఎర్తింగులూ కేబుల్ షీల్డు ద్వారా కలవడం వల్ల వచ్చిన హమ్ (బొమ్మలోకి చొరబడే కరెంటు లైను అలజడి) అది. టీవీ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఒకరు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. ప్రాణాల మీదికి తెచ్చే పని. హాలు వైపు వీడియో ఐసొలేటర్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల వైర్లు కలవకుండా సిగ్నల్‌ని మాత్రమే దాటించేది) పెట్టాక చార పోయింది.

రెండు చిప్‌లలో నాలుగో ఆప్‌యాంప్ ఖాళీగా ఉంది. లిఫ్టు దగ్గర తెర పెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి నిర్ణయిద్దాం. ఈలోగా దయచేసి ఎవరూ టీ కనెక్టర్లు తగిలించవద్దు. డబ్బా తాళం మెకానిక్ గారి దగ్గరుంది.

ఇట్లు,
కార్యదర్శి