కోబాల్ట్ రేటు పెరిగింది, పొర మాత్రం పలచన చెయ్యం

కస్టమర్లందరికీ నమస్కారం.

హార్డ్‌ఫేసింగ్ పనులకు, అంటే అరిగే లోహపు భాగాల మీద గట్టి లోహపు పొర వెల్డింగ్ చేసే పనులకు, మేం పంపిన కొత్త కొటేషన్లు చూసి, రేటు ఎందుకు పెరిగిందని చాలామంది ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను.

వాల్వ్ సీట్లకు మేం ఎక్కువగా వాడే స్టెల్లైట్ 6 అనే మిశ్రమ లోహం తరహా వెల్డింగ్ రాడ్డులో, పౌడర్‌లో సగానికి మించి కోబాల్టే ఉంటుంది. మిగతాది క్రోమియం, కొంత టంగ్‌స్టన్, ఒక శాతం పైచిలుకు కార్బన్. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండొంతులకు పైగా కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌దే. అక్కడ అది ఎక్కువగా రాగితో పాటు వచ్చే సరుకు కాబట్టి, గిరాకీ ఉందని దానికోసమే పెద్ద గనులు తవ్వడం అరుదు. ఆ దేశం 2025 ఫిబ్రవరిలో కోబాల్ట్ ఎగుమతులు ఆపేసింది. అక్టోబరులో మళ్ళీ తెరిచినా కోటాలు పెట్టింది. దాంతో రాడ్ల బిల్లు పెరిగింది, మీ బిల్లూ పెరిగింది.

రేటు పెంచకుండా నెట్టుకురావడానికి ఒక దారి లేకపోలేదు. రెండు పొరలు వెయ్యాల్సిన చోట ఒకటే వేసి ఊరుకోవడం. గ్రైండింగ్ అయ్యాక రెండూ ఒకేలా మెరుస్తాయి, ఎవరికీ తెలీదు. కానీ మొదటి పొర వేసేటప్పుడు కింది స్టీలు కూడా కరిగి అందులో కలుస్తుంది. మామూలు ఆర్క్ వెల్డింగ్‌లో ఈ కలయిక బాగా ఎక్కువ. ఇనుము చేరినకొద్దీ కాఠిన్యం, తుప్పును ఆపే గుణం రెండూ పడిపోతాయి. పౌడర్‌ను ప్లాస్మా వేడితో కరిగించి పొర వేసే పద్ధతిలో కలయిక తక్కువ కాబట్టి చాలా పనులకు ఒక పొర సరిపోతుంది, అక్కడ మీకు డబ్బు మిగిలే మాట నిజమే. ఆర్క్ పనికి మాత్రం రెండో పొర లేకుండా మేం ఇవ్వం.

ఇంకో సంగతి, మా వ్యాపారానికి నష్టమైనా చెప్తాను. మీరు తెచ్చే పీసులన్నిటికీ కోబాల్ట్ అక్కర్లేదు. మట్టి, ఇసుక రాసుకుని అరిగే చల్లని భాగాలకు హై క్రోమియం పూతో, టంగ్‌స్టన్ కార్బైడో చాలు; హై క్రోమియం అయితే ఖర్చూ తక్కువ. కోబాల్ట్ అవసరం వేడి, తుప్పు, నూనె లేకుండా లోహం మీద లోహం రాసుకోవడం, ఇవి కలిసిన చోట. ఆవిరి వాల్వ్ సీటు, ఇంజన్ ఎగ్జాస్ట్ వాల్వ్, వేడి ఇనుమును కోసే బ్లేడు, పచ్చి చెక్క కోసే రంపం పళ్ళు అలాంటివే.

కాఠిన్యం నంబరు చూసి బేరమాడేవాళ్ళకు కూడా ఓ మాట. స్టెల్లైట్ 6 గది ఉష్ణోగ్రతలో, కాఠిన్యం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 40కి అటూ ఇటూ ఉంటుంది. గట్టిపరచిన టూల్ స్టీలు సులువుగా 60 చూపిస్తుంది. అయితే 500 డిగ్రీల దగ్గర చాలా రకాల టూల్ స్టీళ్లు మెత్తబడిపోతే, ఇది పనిచేస్తూనే ఉంటుంది. పైగా ఒత్తిడి పడ్డప్పుడు కోబాల్ట్ స్ఫటిక నిర్మాణం మారి పైపొర ఇంకా గట్టిపడుతుంది, అందుకే రెండు ముఖాలు ఒకదానికొకటి పట్టుకుని చీరుకోవు. అణు విద్యుత్ కేంద్రాల్లో మాత్రం దీన్ని తగ్గించుకుంటూ వస్తున్నారు. అరిగిన రజను రియాక్టర్‌లోకి చేరితే కోబాల్ట్ 60గా మారి, ఏళ్ల తరబడి గామా కిరణాలు వెదజల్లుతుంది.

ఇకనుంచి కొటేషన్ ఇచ్చే ముందు నేను కాస్త విసిగిస్తాను: వేడి ఎంత, ఏది రాసుకుంటోంది, దెబ్బలు పడతాయా? దెబ్బలు తినే చోట కార్బన్ తక్కువుండే స్టెల్లైట్ 21 నయం. అరిగిన పీసును దయచేసి శుభ్రం చేసి తేకండి. ఒకే దిశలో గీతలుంటే ఇసుక పని, లోహం చిరిగి ముద్దలుగా అంటుకుంటే రాపిడి పట్టు, సన్నని గుంటలుంటే నీటి తుంపరల దెబ్బ. రుద్ది తోమి తెస్తే ఆ సాక్ష్యం పోతుంది.

"సాయంత్రానికి కావాలి" అనేవాళ్ళకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు. ముందు వేడి చెయ్యాలి, తర్వాత దుప్పటి కప్పి మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే పగుళ్లు వస్తాయి.

అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకు పాత రేటే. కొత్త కొటేషన్ వారం వరకే చెల్లుతుంది. పాత వాల్వ్‌లు మామూలు తుక్కులో పడేయకుండా మాకు తెండి, అందులోని కోబాల్ట్ విలువ బిల్లులో తగ్గిస్తాం.