బడి మానేసిన మన పిల్లల గురించి

అందరికీ నమస్కారం. నిన్న చీమకుర్తి బస్టాండులో మనూరి పిల్లలు నలుగురు కనపడ్డారు. తొమ్మిదిలో ఆపేసినోళ్లే. ఇప్పుడు గ్రానైట్ పాలిషింగ్‌లో రోజుకూలి. రాతిపొడి కనురెప్పల మీద కూడా పేరుకుని ఉంది. ఒకడికి 18 ఏళ్లంట, చూస్తే ముప్పై అనిపించాడు.

వీళ్ల అమ్మానాన్నలకి చెప్పండి. ఎనిమిది పాసైతే చాలు, ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాదిలో అయిపోద్ది. పది కావాలంటే 14 నిండినోళ్లు ఓపెన్ స్కూల్లో నేరుగా కట్టుకోవచ్చు. 18 దాటినోళ్లకి బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో (పల్లెటూరోళ్లకి సొంతంగా బతికే పని నేర్పే కేంద్రాలు) శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం.

నా మాటగా ఒకటి. ఒట్టి సర్టిఫికెట్‌తో పని రాదు. నేను వెల్డింగ్ షెడ్డులో చేరిన కొత్తల్లో కళ్లకి నల్లద్దం లేకుండా వెల్డింగ్ చూశాను. ఆ రాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టుండి తెల్లార్లూ నిద్ర లేదు. అద్దం ఇయ్యాలని మా ఓనరుకి తోచలేదు, అడగాలని నాకు తెలీదు. అందుకే మనోళ్లు అప్రెంటిస్‌గానే, కాగితం రాయించుకుని చేరాలని నా పట్టు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం నేర్చుకునే రోజుల్లోనూ స్టైపెండ్ ఇయ్యాల్సిందే. టీ డబ్బులిచ్చి సరిపెడితే కుదరదు. ఇంకో సంగతి, ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బులడిగే వాళ్లకి రూపాయి ఇయ్యబాకండి.

ఆదివారం పొద్దున 10కి రామాలయం అరుగు మీద కూర్చుంటా. ఆధార్, టీసీ జిరాక్స్‌లు తెండి. టీసీ పోయినా సరే రండి, బడికి నేనూ తోడొస్తా. ఆడపిల్లల్ని కూడా పంపండబ్బా, కుట్టుమిషన్ ఒక్కటే కాదు నేర్చుకునేది.