కోత చిన్నదే, మరి అతుకు?

సంపాదకులకు,

నెల్లూరు ట్రంకు రోడ్డు వెంట, ఒంగోలులోనూ ఈమధ్య 'కోత లేదు, కుట్లు లేవు, బైపాస్ అయిపోయింది' అనే తరహా ఫ్లెక్సీలు కనిపిస్తున్నాయి. మీ జిల్లా పేజీలోనూ అదే మాట వార్తగా వచ్చింది. రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే మూట కట్టేశారు. ఛాతీ మీద గాటు ఎంత పొడవన్నది ఒక సంగతి, లోపల నాళాన్ని నాళానికి ఎలా అతికారన్నది ఇంకో సంగతి. పూడిన చోటును దాటించి రక్తం పారేలా అతికిన నాళం, అంటే గ్రాఫ్ట్, పదేళ్లు నిలిచేదీ, పది నెలలకే పూడేదీ తేల్చడంలో రెండోదానిదే పెద్ద వాటా.

చిన్న కోత బైపాస్‌లో రొమ్ము ఎముకను కోయరు. ఎడమవైపు నాలుగో, ఐదో పక్కటెముకల సందులో 5 నుంచి 8 సెంటీమీటర్ల గాటు పెడతారు. ఛాతీ గోడ లోపలున్న మామరీ ధమనిని విడదీసి, దాని కింది కొసను, గుండె ముందుభాగానికి రక్తం తెచ్చే ప్రధాన ధమని ఎల్‌ఏడీకి అతుకుతారు. ఎల్‌ఏడీ లోపలి వెడల్పు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, దాదాపు బాల్‌పెన్ రీఫిల్ బెజ్జమంత. దాన్ని 4, 5 మిల్లీమీటర్లు నిలువునా చీల్చి, వెంట్రుకంత సన్నని 7-0 లేదా 8-0 ప్రోలీన్ దారంతో చుట్టూ డజను దాకా కుట్లు వేస్తారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఆ చోటును మాత్రం స్టెబిలైజర్ కదలకుండా పట్టి ఉంచుతుంది. సూదికి రక్తం అడ్డురాకుండా కార్బన్ డయాక్సైడ్ ఊదుతారు. మామూలు గాలి ఊదితే బుడగ నాళంలో ఇరుక్కుంటుంది, ఇదైతే రక్తంలో కరిగిపోతుంది. అదీ గట్టిగా ఊదితే నాళం లోపలి పొర లేచిపోతుంది.

ఫ్లెక్సీలో 'కుట్లు లేవు' అన్నా, ఈ ఆపరేషన్లలో చాలావాటికి లోపల పడేది చేతికుట్టే. చేతికుట్టులో తప్పులు ఎక్కడ జరుగుతాయో థియేటర్‌లో అందరికీ తెలుసు. సూది ఎదుటి గోడను కూడా పట్టేస్తుంది. దారం ఎక్కువ లాగితే సంచి మూతి తాడు బిగించినట్టు అతుకు ముడుచుకుంటుంది. మామరీ ఒక మెలిక తిరిగి ఉండగానే కుట్టేస్తారు. ఇరుకు సందులో పొడవాటి పరికరాలతో కుట్టేటప్పుడు ఈ మూడు తప్పులూ ఇంకా తేలిగ్గా జరుగుతాయి. అతికే పరికరాలు పుట్టింది ఈ ఇబ్బంది తప్పించడానికే.

వాటి చరిత్ర ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. గ్రాఫ్ట్‌గా వాడే కాలి సిరను బృహద్ధమనికి కుట్టు లేకుండా తగిలించే సిమెట్రీ అనే నిటినాల్ (నికెల్, టైటానియం కలిపిన లోహం) కనెక్టర్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆలోచన మంచిదే. బృహద్ధమనిని క్లాంపుతో నొక్కితే సున్నపు పెచ్చులు ఊడి మెదడుకు పోయే ప్రమాదముంది, దీనికి క్లాంపే అక్కర్లేదు. కానీ సిర నిటారుగా పైకి లేచి, వంగిన చోట మడతపడేది. పరికరంలోకి ఎక్కించేటప్పుడు దాని లోపలి పొర నలిగేది. లోహం రక్తానికి తగులుతూ ఉండడంతో మూతి దగ్గర కండ పెరిగి సన్నబడేది. 2004లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఎల్‌ఏడీ వైపు అతకడానికి సీ-పోర్ట్ అనే పరికరం వచ్చింది, 2005లో అనుమతి. సన్నటి నాలుకను నాళంలోకి దూర్చి, చీల్చడం, స్టీలు క్లిప్పులు వేయడం ఒకే నొక్కుతో చేస్తుంది. ఆ నాలుక దూరిన బెజ్జాన్ని మాత్రం చేత్తో ఒక కుట్టు వేసి మూయాల్సిందే! నాళం గోడ సున్నం పట్టి ఉంటే క్లిప్పు దిగదు. దాన్ని తయారుచేసిన కంపెనీ 2017లో దివాలా తీసింది.

పరికరాలు చెడ్డవని మేం అనడం లేదు. మామరీ పైకొసను అసలు ఊడదీయరు కాబట్టి అక్కడ అతుకే ఉండదు, కింద ఒక్క అతుకు చాలు. ఆ ఒక్కటీ ఎలా వేశారో రోగికి చెప్పాలి. చిన్న కోత ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఒక ఊపిరితిత్తిని ఆపి చేసే ఆపరేషన్ ఇది. బీడీలతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు, పాత టీబీతో ఎడమ ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయినవాళ్లకు, ఎల్‌ఏడీ కండరంలో లోతుగా మునిగి ఉన్నవాళ్లకు రొమ్ము ఎముక మీద పెట్టే మామూలు నిలువు కోతే మేలు.

అతుకు బాగుందో లేదో ఛాతీ మూయకముందే తెలుస్తుంది. ఫ్లో మీటర్ ప్రోబును గ్రాఫ్ట్ చుట్టూ తగిలిస్తే నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు పారుతున్నదీ, పల్సటిలిటీ ఇండెక్స్ (ప్రవాహం ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పే అంకె) ఎంతన్నదీ తెరపై కనిపిస్తాయి. 2018 యూరప్ మార్గదర్శకాల ప్రకారం ప్రవాహం 20 కన్నా తక్కువగా, ఇండెక్స్ 5 కన్నా ఎక్కువగా ఉంటే అతుకును అనుమానించాలి. బీపీ పడిపోయి ఉన్నప్పుడు కొలిస్తే అంకె మోసం చేస్తుంది, అందుకే పక్కన బీపీ కూడా రాయాలి.

మేం కోరేది డిశ్చార్జి కాగితంలో నాలుగు వరుసలు. ఎన్ని గ్రాఫ్ట్‌లు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. చేతికుట్టా, పరికరమా, అయితే దాని పేరు. ఫ్లో, ఇండెక్స్, అప్పటి బీపీ. ఒంట్లో ఉండిపోయిన లోహం. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేసేవాటికి ఆరోగ్యశాఖ దీన్ని తప్పనిసరి చేయవచ్చు. ఉదయగిరి, కనిగిరి నుంచి చెన్నైకో గుంటూరుకో పోయి ఆపరేషన్ చేయించుకున్న మనిషికి మూడేళ్ల తర్వాత మళ్లీ నొప్పి వస్తే, యాంజియోగ్రామ్ చేసే డాక్టరు మొదట వెతికేది ఆ వరుసలే. ఎంఆర్ఐ గది ముందు 'ఒంట్లో లోహం ఉందా' అని అడిగినప్పుడు అతను చూపించగలిగేదీ ఆ కాగితమే.

మీ పేజీలో వచ్చిన 'కుట్లు లేని బైపాస్' మాటకు ఒక సవరణ వేయగలరు.

– కార్డియాక్ థియేటర్ సిబ్బంది ఇద్దరు,
దర్గామిట్ట, నెల్లూరు