మండలానికో ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జులైలో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది. వంద మంది, అంతకు పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని, అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని, మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని, అందరి ముందూ అవమానించొద్దని అందులో స్పష్టంగా ఉంది. మన ఉత్తరాంధ్రలో ఒక బిడ్డ పోయాక వచ్చిన తీర్పు ఇది. దీన్ని మా శ్రీకాకుళం జిల్లాలో ఎలా అమలు చేస్తారన్నదే నా బెంగ. నేను టెక్కలి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఇలాంటి ఉత్తర్వులు బడి దాకా వచ్చేసరికి ఏమవుతుందంటే, ఉన్న టీచర్లలోనే ఒకరికి ఒక పూట ట్రైనింగిచ్చి, చేతిలో ఒక రిజిస్టర్ పెట్టి, 'ఇకనుంచి ఆ పని మీదే' అంటారు. దయచేసి ఈసారి అలా చేయొద్దని అడగడానికే ఈ ఉత్తరం.

కౌన్సెలర్ అక్కర్లేదని నేననను. కానీ బడికి అంతకంటే ముందు కావాల్సిన మనిషి ఇంకొకరున్నారు. పిల్లవాడు కుంగిపోయాక ధైర్యం చెప్పడానికి కాదు, అసలు వాడికి చదువు ఎందుకు రావడం లేదో కారణం వెతకడానికి, వెతికి టీచరుకీ ఇంట్లోవాళ్లకీ ఏం చేయాలో చూపించడానికి. ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ చేసే పని అదే. మందులు రాయరు, అది సైకియాట్రిస్ట్ పని. ట్యూషనూ చెప్పరు. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని గమనిస్తారు, పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు, రాయిస్తారు, బొమ్మలతో అంకెలతో కొన్ని పరీక్షలు పెడతారు, వాళ్లమ్మతో మాట్లాడతారు, ఆ తర్వాత టీచర్‌తో కూర్చుని ఈ పిల్లవాడికి ఈ ఆరు వారాలూ ఇలా చేసి చూద్దాం అని ఒక ప్లాన్ వేస్తారు, మళ్లీ వచ్చి అది పనిచేసిందో లేదో చూస్తారు. నన్నడిగితే ఆ మళ్లీ రావడమే అన్నింటికంటే ముఖ్యం.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన ఉద్యోగం కాదు. పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే అనే సైకాలజిస్ట్ 1905లో మొదటి తెలివితేటల పరీక్ష తయారు చేసింది పిల్లలకి ర్యాంకులివ్వడానికి కాదు, మామూలు క్లాసులో అందుకోలేక అదనపు సాయం అవసరమైన పిల్లలెవరో తెలుసుకోవడానికి. లండన్ కౌంటీ కౌన్సిల్ 1913లోనే సిరిల్ బర్ట్‌ని బడుల కోసం సైకాలజిస్టుగా పెట్టుకుంది. అమెరికాలో స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం 500 మంది పిల్లలకి ఒకరుండాలంటుంది. మేం అంత అడగడం లేదు.

మా దగ్గర క్లాసులో ఏం జరుగుతుందో చెప్తాను. ఉద్దానం నుంచి వచ్చే ఏడో తరగతి పిల్లాడు, జీడిపిక్కల 80 కిలోల బస్తా ధర చెప్తే రెండున్నర బస్తాలకి ఎంతవుతుందో నోటితోనే చెప్పేస్తాడు. అదే లెక్క తెలుగులో రాసి చదవమంటే తల దించుకుని నిలబడిపోతాడు. ఇంకో అమ్మాయి పాఠం గడగడా చదువుతుంది, దగ్గరికెళ్లి చూస్తే వేలు ఒక లైన్లో ఉంటుంది, నోరు రెండు లైన్లు ముందుంటుంది. పక్కవాళ్లు చదువుతుంటే వినీ వినీ కంఠతా పట్టేసిందన్నమాట. ఆ పాఠంలో లేని మాట ఒక్కటి రాసిస్తే అక్కడే ఆగిపోతుంది. సైకాలజిస్టులు అసలు అర్థమే లేని మాటలు కూడా రాసి చదివించేది ఇందుకే, గుర్తుండి చెప్తున్నారో అక్షరం చూసి చదువుతున్నారో దాంతో తేలిపోతుంది. మన లిపి కూడా తక్కువదేం కాదు. ప, వ, ష ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటాయి, గుణింతం పైనా పక్కనా, ఒత్తు కిందా, ఒక్క అక్షరం చుట్టూ పిల్లవాడి కన్ను ఇన్ని చోట్లకి తిరగాలి. ఎక్కువమంది రెండు మూడేళ్లలో దాన్ని దాటేస్తారు. కొందరు ఎంత కష్టపడినా దాటలేరు, వాళ్లలో డిస్లెక్సియా ఉన్నవాళ్లుంటారు. దానికీ తెలివికీ సంబంధం లేదు. కానీ ఆ పిల్లవాడికి రెండో తరగతి నుంచీ 'మొద్దు' అన్న మాటే వినబడుతుంది, తొమ్మిదో తరగతికొచ్చేసరికి వాడూ అదే నమ్మేస్తాడు, బడికి రావడం మానేస్తాడు.

అయితే చదవలేని ప్రతి పిల్లవాడికీ డిస్లెక్సియా అని కూడా కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. బోర్డు దగ్గర నిలబడి చూస్తే కారణాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకడికి బోర్డు మీద అక్షరాలు మసకగా కనబడుతుంటాయి, అది మసక అని వాడికే తెలియదు. ఒకడికి చిన్నప్పటినుంచీ చెవి కారి వినికిడి తగ్గి ఉంటుంది. ఒక పిల్లకి రక్తం లేక రెండో పీరియడ్‌కే కళ్లు మూతలు పడతాయి. ఇంకో పిల్ల తండ్రికి కిడ్నీ జబ్బు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, తల్లి ఆయన వెంట వెళ్తే ఇంట్లో వంటా తమ్ముడి బాధ్యతా ఈ పిల్లదే. ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు వెతకనక్కర్లేదు. అమ్మానాన్నలు హైదరాబాదో చెన్నయ్యో పనికి వెళ్లిపోతే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు, వాళ్లతో పాటు వెళ్లి మధ్యలో బడి మానేసి మళ్లీ వచ్చిన పిల్లలు సరేసరి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, మందస, మెళియాపుట్టి కొండల్లో ఇంట్లో సవర, బడిలో మాత్రం పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడులు పెట్టిన గిడుగు రామమూర్తి గారు మా జిల్లా మనిషే, ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన పట్టించుకున్న సమస్యని మాత్రం ఇప్పటికీ పిల్లవాడి తెలివి ఖాతాలో రాస్తున్నాం.

ఇన్ని కారణాల్లో ఇది ఏదో విడదీసి చెప్పడానికి శిక్షణ కావాలి. టీచర్‌గా నాకు అనుమానం వస్తుంది, అంతవరకే నా చదువు పనికొస్తుంది. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే బృందాలు కళ్లూ పళ్లూ చెవులూ చూస్తాయి, ఆ మేలు నేను కళ్లారా చూశాను. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది, అందులో టీచర్లు చెక్‌లిస్ట్ నింపితే ఎవరిని ఇంకా లోతుగా పరీక్షించాలో తేలుతుంది. సరే, తేలింది. ఆ తర్వాత ఎవరి దగ్గరికి పంపాలి?

చట్టం మాత్రం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని, అంటే డిస్లెక్సియా లాంటివాటిని, అందులో చేర్చారు. వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన అందించే బాధ్యత విద్యాసంస్థలదేనని ఆ చట్టం 16వ సెక్షన్ చెప్తోంది. ఎనిమిదేళ్ల వయసులోనే పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వొచ్చని 2018లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మరి మా దగ్గర ఎప్పుడు గుర్తుకొస్తుందంటే, పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు! డిస్లెక్సియా ఉన్నవాళ్లకి అదనపు సమయం, రాసిపెట్టేవాళ్ల సాయం లాంటి వెసులుబాట్లున్నాయని ఎవరో చెప్తారు, అప్పుడు ఆ తల్లి కూలి మానుకుని వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం, దానికి కావాల్సిన టెస్టుల కోసం శ్రీకాకుళం, అక్కడ కాకపోతే విశాఖ తిరుగుతుంది. మూడో తరగతిలో దొరికితే ఆ పిల్లవాడికి చదవడం నేర్పొచ్చు, పదో తరగతిలో దొరికితే గట్టెక్కించడం తప్ప ఏం చేయగలం?

ఇంట్లోవాళ్ల భయం గురించి కూడా చెప్పాలి. సైకాలజిస్టుకి చూపిద్దామంటే మా ఊళ్లో తల్లి ముందు అనేమాట 'మా గుంటడికి పిచ్చేటి మేడమ్?' అని. ఆవిడకి వెంటనే విశాఖలో చినవాల్తేరు మానసిక రోగుల ఆస్పత్రి గుర్తొస్తుంది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి లేదు, ఇప్పటిదాకా ఆ పేరుతో ఆవిడకి తెలిసింది అదొక్కటే. అదే సైకాలజిస్ట్ నెలకోసారి బడికే వస్తుంటే, పేరెంట్ టీచర్ మీటింగ్‌లో అందరి మధ్యా కూర్చుని మాట్లాడితే, లెక్కల మేడమ్ ఎంతో ఆవిడా అంతే అనిపిస్తే ఆ భయం మెల్లగా పోతుంది. విశాఖలో ఏసీ గదిలో గంటకింత అని ఫీజు తీసుకునే చోట అది జరగదు.

టీచర్ల మాట కూడా వినండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, అది సరైనదే, నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ క్లాసంతా అల్లరి చేసే పిల్లవాడితో బెత్తం లేకుండా ఎలా నెగ్గుకురావాలో మాకెవరూ చూపించలేదు. వాడు కుదురుగా కూర్చోలేకపోవడం పొగరు కాకపోవచ్చు, ఏడీహెచ్‌డీ, అంటే దేనిమీదా ధ్యాస నిలవని, కుదురుండనివ్వని సమస్య కావచ్చు, ఇంట్లో రాత్రంతా గొడవై నిద్ర లేకపోవడం కావచ్చు. ముందు బెంచీకి మార్చడం, పదిహేను నిమిషాల పనిని మూడు ముక్కలు చేసి ఇవ్వడం, రాయలేనివాడిని నోటితో చెప్పించుకుని మార్కులేయడం, ఇవి చిన్న పనులే, ఎవరికి ఏది సరిపోతుందో చెప్పే మనిషి ఉంటే మేం చేసుకోగలం. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబర్ తర్వాత చాన్నాళ్లు గాలి గట్టిగా వీస్తే క్లాసులో పిల్లలు కిటికీల వైపే చూసేవాళ్లు, ఒకరిద్దరు ఏడ్చేసేవాళ్లు. బియ్యం, టార్పాలిన్లు వచ్చాయి. ఆ పిల్లలతో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో చెప్పడానికి మా బడికి ఎవరూ రాలేదు.

నేనడిగేది ఇది. శ్రీకాకుళం జిల్లాలో 30 మండలాలున్నాయి, మండలానికి ఒక్క ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఇప్పటికే నడుస్తున్నాయి, అక్కడ ఆ పిల్లలకి చదువు చెప్పే ఐఈఆర్‌పీలు చాలీచాలని జీతంతో, తీవ్రమైన వైకల్యాలున్న పిల్లల్ని ఓపిగ్గా చూసుకుంటున్నారు. సైకాలజిస్ట్‌ని అక్కడే కూర్చోబెడితే కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, ఇద్దరికీ ఒకరి పని ఒకరికి ఆసరా అవుతుంది. ఒకేసారి ముప్పై మంది కుదరదంటే శ్రీకాకుళం, టెక్కలి, పలాస మూడు రెవెన్యూ డివిజన్లలో ముందు ముగ్గురితో మొదలుపెట్టండి, ప్రాథమిక పాఠశాలల నుంచే మొదలుపెట్టండి. ఎంపికలో పిల్లల సైకాలజీ చదివి, పరీక్షలు చేయడంలో శిక్షణ ఉన్నవాళ్లనే తీసుకోవాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా వచ్చినవాళ్లూ, కొండ మండలాల్లో సవర తెలిసిన సహాయకులూ ఉండాలి. పది నెలల ఔట్‌సోర్సింగ్ మాత్రం వద్దు. పిల్లవాడు ఒక మనిషిని నమ్మి నోరు విప్పడానికే చాలాకాలం పడుతుంది, విప్పేసరికి ఆ మనిషి మారిపోతే ఇంకెవరికీ చెప్పడు. పిల్లవాడు చెప్పింది స్టాఫ్ రూమ్‌లో కబుర్లు కాకూడదని కూడా ముందే రాసిపెట్టాలి, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సినవి తప్ప.

చదువుకున్నవాళ్లు ఎక్కడ దొరుకుతారంటారేమో. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, బడుల్లో పనిచేసే సైకాలజిస్టుల కోసం అవి ప్రత్యేక శిక్షణ ఇస్తే ప్రాక్టీసుకి మా బడులు తెరిచే ఉన్నాయి. ప్రైవేట్ స్కూళ్ల యాజమాన్యాలకీ ఒక మాట. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని పిల్లల్ని ఏ సెక్షన్, సి సెక్షన్ అని విడగొట్టడం సుప్రీంకోర్టు వద్దన్నదే. ఫ్లెక్సీ మీద ర్యాంకులు వేసుకునే డబ్బులో కొంత ఈ ఉద్యోగానికి పెట్టండి.

జిల్లా విద్యాశాఖాధికారి గారు, సమగ్ర శిక్ష అధికారులు దీనిమీద ఏం ఆలోచిస్తున్నారో మీ పత్రిక అడిగి రాయాలని కోరుతున్నాను. ఈలోగా పిల్లల గురించి టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులు, టీచర్లు టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
టెక్కలి డివిజన్, శ్రీకాకుళం జిల్లా